ప్రజావేగుల డాక్యుమెంటరీలు: నిష్పాక్షికత, న్యాయదృష్టి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రభుత్వ రహస్యాలను బయటపెట్టిన వ్యక్తుల గురించి గత రెండు దశాబ్దాలలో వెలువడిన డాక్యుమెంటరీ చిత్రాలు విస్తృతమైన ఆదరణనూ, అంతే తీవ్రమైన విమర్శనూ పొందాయి. ఆ విమర్శలో తరచుగా వినిపించే మాట ‘పక్షపాతం’. ‘సిటిజన్‌ఫోర్’, ‘వీ స్టీల్ సీక్రెట్స్’, ‘రిస్క్’, ‘ద మోస్ట్ డేంజరస్ మ్యాన్ ఇన్ అమెరికా’ అనే నాలుగు చిత్రాల ఆధారంగా, ఇటువంటి చిత్రాల నుంచి నిష్పాక్షికతను ఆశించడం ఎంతవరకు సమంజసం, న్యాయదృష్టిని ఆశించడం ఎంతవరకు సాధ్యం అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విశ్లేషణకు న్యాయదర్శనంలోని ప్రమాణ చర్చను, పూర్వపక్ష సంప్రదాయాన్ని ఉపకరణాలుగా స్వీకరించింది.

కీలకపదాలు: డాక్యుమెంటరీ, ప్రజావేగు, నిష్పాక్షికత, న్యాయదృష్టి, ఆప్తవాక్యం, పూర్వపక్షం, స్నోడెన్, ఎల్స్‌బర్గ్.

1. ఉపోద్ఘాతం

‘విజిల్ బ్లోయర్’ అనే ఆంగ్లపదానికి తెలుగు పత్రికలు ‘ప్రజావేగు’ అనే మాటను వాడుకలోకి తెచ్చాయి. ఈ పదనిర్మాణం గమనించదగినది. వేగు అంటే గూఢచారి; రాజు కోసం రహస్యాలు సేకరించేవాడు. ‘ప్రజా’ అనే పూర్వపదం చేరగానే ఆ గూఢచారి యజమాని మారిపోతున్నాడు. అంటే వివాదమంతా సమాసంలోనే ఇమిడి ఉంది. అమెరికా ప్రభుత్వం ఉత్తరపదాన్ని మాత్రమే అంగీకరించి ఇటువంటి వారిపై 1917 నాటి గూఢచర్య చట్టం కింద కేసులు పెడుతుంది; వారి సమర్థకులు పూర్వపదాన్ని పట్టుకుంటారు. ఏ పేరుతో పిలిచినా ఒక పక్షం వహించినట్లే అవుతుంది.

తెలుగువారికి ఈ సందిగ్ధత కొత్తది కాదు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అనే సామెత విభీషణుణ్ణి లంక వైపు నుంచి చూస్తుంది. అదే విభీషణుడు భక్తి సంప్రదాయంలో ధర్మపక్షపాతి, శరణాగతుడు. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడు అతణ్ణి రావణుని వేగు అనే అనుమానిస్తాడు. రాముడు వెంటనే తీర్పు చెప్పడు. అంగదుడు, జాంబవంతుడు మొదలైన వారి సందేహాలు, ఆపైన హనుమంతుని అభిప్రాయం విన్న తరువాతే అభయమిస్తాడు. మరొక సందర్భంలో, స్వజనాన్ని విడిచి శత్రువును చేరినందుకు ఇంద్రజిత్తు విభీషణుణ్ణి కఠినంగా నిందిస్తాడు. కావ్యం నిస్సందేహంగా రాముని పక్షానే ఉన్నది. అయినా ఇంద్రజిత్తు మాటను బలహీనపరచలేదు. డాక్యుమెంటరీలను గురించి ఈ వ్యాసం వేసే ప్రశ్నకు ఇది ఉపయోగపడే ఉదాహరణ.

2. నిష్పాక్షికత వేరు, న్యాయదృష్టి వేరు

చర్చలో ఈ రెండు పదాలను పర్యాయపదాలుగా వాడడం వల్ల చాలా గందరగోళం ఏర్పడుతున్నది. నిష్పాక్షికత అంటే వివాదంలో ఏ పక్షాన్నీ స్వీకరించకపోవడం. న్యాయదృష్టి అంటే పక్షం స్వీకరించినా ఎదుటివారికి దక్కవలసినది దక్కనివ్వడం. బ్రిటన్‌లో ప్రసారాలను నియంత్రించే ఆఫ్‌కామ్ సంస్థ నియమావళి ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాలలో చర్చించింది. అయిదవ అధ్యాయం నిష్పాక్షికతకు సంబంధించినది. అక్కడ కూడా ‘తగిన’ అనే విశేషణం ఉన్నది. అంటే ప్రతి పక్షానికీ సమాన కాలం కేటాయించాలని కాదు, విషయానికి తగినంత అని. ఏడవ అధ్యాయం న్యాయమైన వ్యవహారానికి సంబంధించినది. ఆరోపణకు గురైనవారికి స్పందించే అవకాశం సకాలంలో ఇవ్వాలన్నది అందులోని ప్రధానాంశం. అమెరికాలో 1949 నుంచి అమలైన ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ 1987లో రద్దయింది. అది కూడా ప్రసార సంస్థలకే వర్తించేది, థియేటర్‌లో విడుదలయ్యే చిత్రాలకు కాదు. కనుక ఇక్కడ చర్చించే చిత్రాలకు నిష్పాక్షికత చట్టపరమైన బాధ్యత కాదు.

కళాపరంగానూ కాదు. డాక్యుమెంటరీని యథార్థానికి సృజనాత్మక రూపకల్పనగా నిర్వచించిన జాన్ గ్రియర్సన్ కాలం నుంచీ ఎంపిక, కూర్పు అనే రెండు క్రియలు ఈ ప్రక్రియకు ప్రాణంగా ఉన్నాయి. ఎంపిక ఉన్నచోట దృక్పథం ఉంటుంది. ‘డాక్యుమెంటరీ నిష్పాక్షికంగా ఉండగలదా’ అన్న ప్రశ్నకు ‘ఉండలేదు’ అని ఒక్క వాక్యంలో సమాధానం చెప్పవచ్చు. కానీ ఆ సమాధానం దగ్గరే ఆగిపోయే విమర్శకులు అన్ని చిత్రాలనూ ఒకే గాటన కట్టి, మంచి చిత్రాన్ని ప్రచారచిత్రం నుంచి వేరుచేసే అవకాశాన్ని వదులుకుంటున్నారు.

భారతీయ శాస్త్ర సంప్రదాయంలో గ్రంథకర్త నిష్పాక్షికుడు కాడు. అతనికొక సిద్ధాంతం ఉంటుంది. అయినా ఖండించే ముందు పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టాలి. న్యాయదర్శనం చర్చను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విభజించింది. వాదం తత్త్వనిర్ణయం కోసం, జల్పం గెలుపు కోసం. వితండలో స్వపక్ష స్థాపన ఉండదు, పరపక్ష ఖండనం మాత్రమే ఉంటుంది. డాక్యుమెంటరీని అడగవలసిన ప్రశ్న అది పక్షం వహించిందా అన్నది కాదు. అది వాదమా, జల్పమా అన్నది.

3. ప్రత్యక్షంగా కనిపించే శబ్దప్రమాణం: ‘సిటిజన్‌ఫోర్’

లారా పోయిట్రస్ దర్శకత్వంలో 2014లో వెలువడిన ‘సిటిజన్‌ఫోర్’ ఈ కోవలో అత్యంత ప్రసిద్ధమైన చిత్రం. 2015లో ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ పురస్కారం పొందింది. 2013 జనవరిలో ‘సిటిజన్‌ఫోర్’ అనే మారుపేరుతో ఒక వ్యక్తి పోయిట్రస్‌కు సంకేతీకరించిన ఈమెయిళ్లు పంపడం ప్రారంభించాడు. అదే ఏడాది జూన్‌లో హాంకాంగ్‌లోని మీరా హోటల్ గదిలో ఆమె, పాత్రికేయుడు గ్లెన్ గ్రీన్‌వాల్డ్, తరువాత ‘గార్డియన్’ పత్రికకు చెందిన యూయన్ మెకాస్కిల్ ఆ వ్యక్తిని కలిశారు. అతడే ఎడ్వర్డ్ స్నోడెన్. ఆ గదిలో గడిచిన ఎనిమిది రోజులే చిత్రానికి గుండెకాయ.

ఆ దృశ్యాలకు అసాధారణమైన బలం ఉంది. మంటల హెచ్చరిక గంట మోగినప్పుడు గదిలోని వారందరూ నిశ్శబ్దమైపోతారు. పాస్‌వర్డ్ టైపు చేయడానికి స్నోడెన్ తలపై ఎర్రని వస్త్రం కప్పుకుంటాడు. వేరే ఏ సాక్ష్యమూ ఇవ్వలేని అనుభూతిని ఇటువంటి చిన్న ఘటనలు ఇస్తాయి. చరిత్ర జరుగుతున్న క్షణాన కెమెరా అక్కడే ఉంది. ప్రేక్షకుడు ఇది ప్రత్యక్షప్రమాణం అనుకుంటాడు.

కానీ ప్రేక్షకుడు ప్రత్యక్షంగా చూసినది ఏది? ఒక యువకుడు హోటల్ గదిలో నిలకడగా మాట్లాడడం. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఏమి చేస్తున్నదో అతడు చూడలేదు. ఆ యువకుని మాట ద్వారా విన్నాడు. అంటే కంటికి ప్రత్యక్షంగా కనిపించినది ప్రమాణశాస్త్ర పరంగా శబ్దం, ఆప్తవాక్యం. వాత్స్యాయన భాష్యం ప్రకారం ఆప్తునికి రెండు లక్షణాలుండాలి: విషయాన్ని సాక్షాత్తుగా తెలిసినవాడై ఉండాలి, తెలిసినదాన్ని తెలిసినట్లే చెప్పాలన్న కోరిక కలవాడై ఉండాలి. ‘సిటిజన్‌ఫోర్’ తన శక్తినంతా రెండవ లక్షణాన్ని నిరూపించడానికి వినియోగించింది. స్నోడెన్ కంఠస్వరం, నిబ్బరం, పదాల ఎంపికలోని జాగ్రత్త – ఇవన్నీ అతని సదుద్దేశానికి సాక్ష్యాలవుతాయి. మొదటి లక్షణాన్ని, అంటే అతనికి తెలిసినదెంత, అతడు తెచ్చిన పత్రాలలో ఉన్నదేమిటి అన్నదాన్ని, చిత్రం చాలావరకు నమ్మకం మీద వదిలిపెట్టింది. కథ తన చుట్టూ తిరగకూడదన్నది స్నోడెన్ స్వయంగా ఆ గదిలోనే వ్యక్తం చేసిన కోరిక. చిత్రానికి అతడే కథానాయకుడు కావడం ఇందులోని విరోధాభాస.

చిత్రం వదిలివేసిన అంశాలను విమర్శకులు అప్పుడే ఎత్తిచూపారు. స్వదేశీయుల ఫోన్ వివరాల సేకరణను బయటపెట్టడం ఒకటి. విదేశాలపై సాగే గూఢచర్యానికి సంబంధించిన పత్రాలను తీసుకుపోవడం మరొకటి. హాంకాంగ్‌లో ఉండగానే స్నోడెన్ ‘సౌత్ చైనా మార్నింగ్ పోస్ట్’ పత్రికకు చైనా, హాంకాంగ్ కంప్యూటర్లలోకి అమెరికా చొరబడుతున్నదన్న సమాచారం ఇచ్చాడు. అతణ్ణి సమర్థించేవారికి కూడా ఇబ్బంది కలిగించే అంశమిది. చిత్రంలో దీనికి చోటు లేదు. ఇక్కడే పూర్వపక్షం బలహీనపడింది. ప్రభుత్వపక్షాన మాట్లాడేవారు చిత్రంలో ప్రధానంగా బహిరంగ విచారణల వంటి దృశ్యాలలో కనిపిస్తారు. 2013 మార్చి 12న సెనేట్ విచారణలో, లక్షలాది అమెరికన్ల సమాచారాన్ని సేకరిస్తున్నారా అని అడిగినప్పుడు లేదని, కనీసం తెలిసి చేయడం లేదని జేమ్స్ క్లాపర్ ఇచ్చిన సమాధానం వాటిలో ఒకటి. ఆ సమాధానం వాస్తవానికి విరుద్ధమని కొన్ని వారాలలోనే తేలింది. దాన్ని చూపించడం సముచితమే. కానీ ప్రత్యర్థి చెప్పిన అబద్ధాన్ని చూపించడం ప్రత్యర్థి వాదాన్ని వినిపించడం కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ పక్షం వినిపించకపోవడానికి కారణం దర్శకురాలు మాత్రమే కాదు. రహస్యాలను కాపాడవలసినవారు ఆ రహస్యాల గురించి మాట్లాడలేరు. మాట్లాడితే వారూ నేరస్థులవుతారు. ప్రజావేగుల చిత్రాలన్నింటిలోనూ ఉన్న నిర్మాణపరమైన అసమానత ఇది. మాట్లాడగలిగిన అధికారి సాధారణంగా పదవీ విరమణ చేసినవాడో, ప్రతినిధిగా ముందే సిద్ధం చేసిన వాక్యాలు చెప్పేవాడో అయి ఉంటాడు. స్పందించే అవకాశం ఇచ్చినా స్పందన రానిచోట న్యాయదృష్టి భారం దర్శకుని మీదే పడుతుంది. ఎదుటిపక్షం చెప్పగలిగిన ఉత్తమ వాదాన్ని తానే నిర్మించాలి. పూర్వపక్షాన్ని శాస్త్రకారుడే రచించినట్లు.

పోయిట్రస్ కేవలం సాక్షి కాదన్నది మరో అంశం. స్నోడెన్ పత్రాలను అందుకున్నవారిలో ఆమె ఒకరు. వాటి ఆధారంగా వెలువడిన వార్తాకథనాలలో ఆమె పేరు ఉంది. గతంలో సరిహద్దుల వద్ద పదేపదే నిర్బంధానికి గురైన వ్యక్తి కూడా. చిత్రం ఈ విషయాన్ని ప్రారంభంలోనే చెబుతుంది. స్నోడెన్ రాసిన ఈమెయిళ్లను ఆమె తన కంఠంతో చదువుతుంది. తన స్థానాన్ని దాచకపోవడం ఈ చిత్రంలోని నిజాయితీ. అయితే స్థానాన్ని ప్రకటించడం వేరు, దాన్ని ప్రశ్నించుకోవడం వేరు. ఆ రెండవ పని ఆమె మరో చిత్రంలో చేయవలసి వచ్చింది.

ఎదుటిపక్షం చేసిన ప్రతివాదాన్ని కూడా ఇదే గీటురాయిపై పరీక్షించాలి. అమెరికా ప్రతినిధుల సభ గూఢచార కమిటీ 2016 సెప్టెంబరులో విడుదల చేసిన నివేదిక సారాంశం స్నోడెన్ ప్రజావేగు కాడని, అతడు తీసుకుపోయిన పత్రాలలో అత్యధికభాగం పౌరుల గోప్యతతో సంబంధం లేనివని ప్రకటించింది. రెండవ మాట గంభీరమైన పూర్వపక్షమే. కానీ నివేదిక అక్కడ ఆగక, అతడు అతిశయోక్తులు చెప్పేవాడని, సైన్యం నుంచి వైదొలగడానికి కారణమైన గాయం గురించి నిజం చెప్పలేదని, పై అధికారులతో తగాదాలు పడ్డాడని కూడా ఏకరువు పెట్టింది. చిత్రం అతని శీలాన్ని సాక్ష్యంగా చూపితే, నివేదిక ఆ శీలాన్నే గురిచూసింది. ఇరుపక్షాలూ ఆప్తత్వం చుట్టూనే తిరిగాయి. ఫోన్ వివరాల మూకుమ్మడి సేకరణ చట్టబద్ధమా కాదా అన్న అసలు ప్రశ్నను తేల్చినవి న్యాయస్థానాలు. 2015 మేలో రెండవ సర్క్యూట్ అప్పీలు కోర్టు, 2020 సెప్టెంబరులో తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు అది చట్టం అనుమతించిన పరిధిలో లేదని తీర్పు చెప్పాయి. ఆ తీర్పులలో అతని వ్యక్తిత్వంతో నిమిత్తం లేదు.

4. తూకం కుదిరిన అన్యాయం: ‘వీ స్టీల్ సీక్రెట్స్’

అలెక్స్ గిబ్నీ 2013లో నిర్మించిన ‘వీ స్టీల్ సీక్రెట్స్’ వికీలీక్స్ కథ. పైచూపునకు ఇది ‘సిటిజన్‌ఫోర్’ కన్నా సమతూకం గల చిత్రం. ప్రభుత్వ మాజీ అధికారులు, వికీలీక్స్ మాజీ సహచరులు, పాత్రికేయులు, విమర్శకులు అందరూ మాట్లాడతారు. జూలియన్ అసాంజ్ మాత్రం ఇంటర్వ్యూ ఇవ్వలేదు. చిత్రం పేరుపైనే వికీలీక్స్ అభ్యంతరం చెప్పింది. ‘మేము రహస్యాలు దొంగిలిస్తాం’ అన్న అర్థం గల ఆ మాట చిత్రంలో గూఢచార సంస్థల మాజీ అధిపతి మైకేల్ హేడెన్ తమ ప్రభుత్వం గురించి అన్నది. పోస్టరు మీద చూసినవారికి అది వికీలీక్స్ గురించి అన్నట్లే స్ఫురిస్తుంది. ఆ సంస్థ చిత్ర సంభాషణలన్నింటినీ ప్రచురించి, దాదాపు పంక్తి పంక్తికీ ఖండనవ్యాఖ్య జోడించింది. ఆధునిక చలనచిత్ర చరిత్రలో ఇంత వివరమైన ‘ఖండనగ్రంథం’ అరుదు.

అయితే ఈ చిత్రంలో న్యాయదృష్టికి అసలు పరీక్ష అసాంజ్ కాదు, చెల్సియా మానింగ్. చిత్రం అమెరికాలో విడుదలైన 2013 మే నెలాఖరుకు ఆమె సైనిక నిర్బంధంలో ఉంది. జూన్ 3న కోర్టు మార్షల్ ప్రారంభమైంది. ఆమె మాట్లాడే వీలు లేదు. ఆమె స్థానంలో తెర మీద కనిపించేవి ఏడ్రియన్ లామోతో జరిపిన కంప్యూటర్ సంభాషణలలోని అక్షరాలు. గోప్యంగా ఉంటాయన్న భరోసాతో చెప్పిన మాటలవి. విన్నవాడే వాటిని అధికారులకు అందించాడు. వాటిలో లింగ అస్తిత్వం గురించిన వేదన, ఒంటరితనం ఉన్నాయి. యుద్ధంలో చూసిన అన్యాయాల గురించిన స్పష్టమైన రాజకీయ ఆలోచనా ఉంది. చిత్రం మొదటిదానికి ఇచ్చిన ప్రాధాన్యం రెండవదాన్ని మసకబరిచింది. ఒక చర్యకు మనఃస్థితిని కారణంగా చూపితే ఆ చర్య వెనుకనున్న హేతువుకు సమాధానం చెప్పవలసిన అవసరం తప్పిపోతుంది. సానుభూతితోనే అయినా జరిగింది అదే. పది గొంతులు వినిపించిన చిత్రం, ఎవరి గొంతు లేకుంటే తన కథే లేదో ఆ ఒక్కరి హేతువును చిన్నబుచ్చింది. గొంతుల సంఖ్య న్యాయదృష్టికి కొలమానం కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

5. తనను తాను విచారించుకున్న చిత్రం: ‘రిస్క్’

అసాంజ్‌ను ప్రజావేగు అనాలా, ప్రచురణకర్త అనాలా అన్నది వేరే చర్చ. పోయిట్రస్ అతణ్ణి ఏళ్ల తరబడి చిత్రీకరించి ‘రిస్క్’ చిత్రాన్ని 2016 మేలో కాన్ ఉత్సవంలో ప్రదర్శించింది. ఏడాది తరువాత థియేటర్లకు వచ్చిన ‘రిస్క్’ అదే చిత్రం కాదు. మధ్యలో అసాంజ్ వర్గంలోని ఒక ప్రముఖ సహచరునిపై లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు వచ్చాయి. అమెరికా ఎన్నికల్లో వికీలీక్స్ పాత్ర వివాదమైంది. దర్శకురాలు చిత్రాన్ని మళ్లీ కూర్చి, తన దినచర్య పుస్తకంలోని మాటలను నేపథ్య వ్యాఖ్యానంగా చేర్చింది. తాను విస్మరించగలననుకున్న వైరుధ్యాలే కథ అయ్యాయని అందులో ఒప్పుకుంది. ఆరోపణలు ఎదుర్కొన్న వ్యక్తితో తనకు కొంతకాలం సాన్నిహిత్యం ఉండేదన్న సంగతిని కూడా వెల్లడించింది. తనపై స్వీడన్‌లో సాగిన దర్యాప్తుకు సంబంధించిన దృశ్యాలను తొలగించాలని అసాంజ్ కోరినట్లు చిత్రమే చెబుతుంది. విడుదలకు ముందు చూసి మార్పులు సూచించే అవకాశం ఇస్తానన్న మాట తప్పిందని వికీలీక్స్ న్యాయవాదులు ఆరోపించారు.

శిల్పపరంగా ‘రిస్క్’ తడబడే చిత్రం. సగంలో దిశ మార్చుకున్నట్లు తెలుస్తూనే ఉంటుంది. అయినా ఈ నాలుగింటిలో ఆప్తత్వాన్ని దర్శకురాలు తనకు కూడా వర్తింపజేసుకున్నది ఇందులోనే. తాను చూసిన దాన్ని చూసినట్లు చెప్పగల స్థితిలో ఉందా లేదా అని ఆమె ప్రేక్షకుల ముందే సందేహించింది. చిత్రీకరణకు అంగీకరించిన వ్యక్తికి ఇచ్చిన మాట, ప్రేక్షకునికి ఉన్న బాధ్యత పరస్పరం ఢీకొన్నప్పుడు రెండింటినీ కాపాడే మార్గం లేదని కూడా ఈ చిత్రం చూపింది. ఆమె రెండవదాన్ని ఎంచుకుంది. అసాంజ్ పట్ల అది న్యాయమా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. ‘సిటిజన్‌ఫోర్’ అటువంటి ప్రశ్నను ప్రేక్షకునికి మిగల్చలేదు.

6. భారతీయ సందర్భం

ఈ చర్చకు భారతదేశంలో భూమిక భిన్నమైనది. ఇక్కడ ప్రజావేగు గురించి చిత్రం తీయవలసి వచ్చే నాటికి తరచుగా ఆ వ్యక్తి జీవించి ఉండడు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని కోరిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరు 27న గయలో హత్యకు గురయ్యాడు. ఆ లేఖ అతని పేరుతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. ఆ తరువాత సాగిన ప్రయత్నాల ఫలితమైన విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం 2014లో ఆమోదం పొందినా, దాన్ని అమల్లోకి తెచ్చే ప్రకటన వెలువడలేదు. హైదరాబాదుకు సంబంధించిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారంలో 2008 డిసెంబరులో బోర్డు డైరెక్టరుకు అందిన ఒక ఈమెయిల్ అక్రమాలను సూచించింది. పంపినవారు మారుపేరు చాటునే ఉండిపోయారు. అమరుడైన ప్రజావేగు చిత్రంలో ప్రశ్నలకు అతీతుడవుతాడు. అజ్ఞాత ప్రజావేగుకు ముఖమే ఉండదు. న్యాయదృష్టి పరీక్షకు నిలవాలంటే ముందు ఆ వ్యక్తి బతికి, పేరు చెప్పుకుని, వివాదాస్పదుడు కాగలగాలి.

7. కాలం తెచ్చే సాక్ష్యం: ఎల్స్‌బర్గ్

జూడిత్ ఎర్లిక్, రిక్ గోల్డ్‌స్మిత్ దర్శకత్వంలో 2009లో వచ్చిన ‘ద మోస్ట్ డేంజరస్ మ్యాన్ ఇన్ అమెరికా’ పైకి అన్నింటికన్నా పక్షపాత చిత్రం. వియత్నాం యుద్ధానికి సంబంధించిన ఏడు వేల పుటల ‘పెంటగాన్ పత్రాల’ను బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్ కథను ఎల్స్‌బర్గే చెబుతాడు. కథానాయకుడే వ్యాఖ్యాత అయిన చిత్రం నుంచి ఆశించగలిగేది తక్కువే అనిపిస్తుంది. కానీ ఫలితం అలా లేదు.

అందుకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, ఎల్స్‌బర్గ్ తనకు వ్యతిరేకంగా కూడా సాక్ష్యం చెబుతాడు. బాంబుదాడులను సమర్థించుకోవడానికి ఉపయోగపడే సమాచారాన్ని రక్షణశాఖలో ఉండగా తానే సేకరించి ఇచ్చిన సంగతిని సిగ్గుపడుతూ ఒప్పుకుంటాడు. రెండవది మరింత ముఖ్యమైనది. 1971లో స్పందించలేని ఎదుటిపక్షం 2009 నాటికి మాట్లాడింది. నిక్సన్ టేపులు బయటికి వచ్చాయి. అధ్యక్షుని మాటలు అధ్యక్షుని కంఠంలోనే వినిపిస్తాయి. ఎల్స్‌బర్గ్ మానసిక వైద్యుని కార్యాలయంలో జరిగిన దొంగతనానికి బాధ్యుడై జైలుకు వెళ్లిన ఎగిల్ క్రోగ్, నిక్సన్ న్యాయసలహాదారు జాన్ డీన్ కెమెరా ముందు కూర్చున్నారు. 1973 మేలో ప్రభుత్వ దుష్ప్రవర్తన కారణంగా కేసు కొట్టివేయడంతో న్యాయపరమైన ముగింపు కూడా వచ్చింది. ప్రత్యర్థి పత్రాలు తెరుచుకున్న చోట ఆప్తవాక్యం మీద ఆధారపడవలసిన అవసరం తగ్గింది.

స్నోడెన్ విషయంలో ఆ దశ ఇంకా రాలేదు. అతనికి 2022లో రష్యా పౌరసత్వం లభించింది. అతనిపై అమెరికాలో నమోదైన అభియోగాలు విచారణకు రాలేదు. గూఢచార కమిటీ పూర్తి నివేదిక 36 పుటలు. 2016 డిసెంబరులో దాన్ని బహిర్గతం చేసినప్పుడు, అతడు తీసుకుపోయిన పత్రాల వల్ల కలిగిన నష్టాన్ని వివరించే భాగాలలో పెద్ద ఎత్తున నల్లరంగు పులిమి ఉన్నది. ‘సిటిజన్‌ఫోర్’ చివరి దృశ్యంలో గ్రీన్‌వాల్డ్ ఒక కొత్త సమాచారదాత గురించిన వివరాలను కాగితంపై రాసి స్నోడెన్‌కు చూపిస్తాడు, ఆపై ఆ కాగితాలను ముక్కలుగా చించుతాడు. ప్రేక్షకునికి కొన్ని మాటలు కనిపిస్తాయి, కొన్ని కనిపించవు.